గినీ పిగ్ మేత: పశ్చిమ కర్నూలు నేలలో దొరికేవి, దూరంగా ఉంచాల్సినవి

గినీ పిగ్ గడ్డి మేసి బతికే జీవి. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. పెరూ, బొలీవియా ప్రాంతాల కొండజనం కొన్ని వేల ఏళ్ల కిందటే దాన్ని మాంసం కోసం మచ్చిక చేసుకున్నారు. ఇవాళ్టికీ అక్కడి పల్లెల్లో వంటింటి మూలన వాటిని పెంచుతూ లూసర్న్ గడ్డి, మొక్కజొన్న ఆకులు, కూరల తొక్కలు వేస్తుంటారు. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్ల ఓడల్లో ఐరోపా చేరాక అది పిల్లలు ముద్దుచేసే పెంపుడు జంతువైంది. ఎదిగిన గినీ పిగ్ 700 నుంచి 1,200 గ్రాముల దాకా తూగుతుంది. మేత సరిగ్గా కుదిరితే ఐదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతుంది.

పట్టణాల్లో దాన్ని కొనుక్కొచ్చిన ఇళ్లలో తొలినాడే ఎదురయ్యే ప్రశ్న, ఏం పెట్టాలన్నది. ఇంటర్నెట్‌లో వెతికితే తిమోతి గడ్డి అని కనిపిస్తుంది. అది చలిదేశాల గడ్డి, ఇక్కడ పండదు, ప్యాకెట్లలో దిగుమతి అవుతుంది, ధర ఎక్కువ. పశ్చిమ కర్నూలులోని గోనెగండ్ల అంగళ్లలో అది లేదని దిగులుపడి అన్నం మెతుకులు, రొట్టె ముక్కలు, బిస్కెట్లు, శనగలు పెట్టడం మొదలుపెడితే జంతువు కొద్ది నెలల్లోనే జబ్బు పడుతుంది. నిజానికి దానికి కావలసిన మేతలో దాదాపు అంతా ఈ ఊరి చుట్టుపక్కలే ఉంది. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు పారే చోట, గాజులదిన్నె వద్ద హంద్రీ మీద కట్టిన సంజీవయ్య సాగర్ ఆయకట్టులో, నల్లరేగడి చేల గట్ల మీద అది పెరుగుతూనే ఉంటుంది. ఏది కోసుకురావాలో, ఏది ముట్టకూడదో తెలిస్తే చాలు.

గడ్డి ఎందుకు అంత ముఖ్యమో గినీ పిగ్ నోటిలోకి చూస్తే తెలుస్తుంది. దానికి 20 పళ్లు. ముందువే కాదు, దవడ పళ్లు కూడా బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. గడ్డి పోచల్లో ఇసుకలాంటి సిలికా ఉంటుంది. ఆ పోచల్ని గంటల తరబడి అటూ ఇటూ నమిలినప్పుడే పళ్లు అరుగుతాయి. మెత్తని అన్నమో, గింజలో పెడితే నమలాల్సిన పని తగ్గిపోతుంది. దవడ పళ్లు వంకరగా పెరిగి నాలుక మీదికి వంతెనలా వంగుతాయి. ఆకలి ఉండీ, మేత ముందరే ఉండీ, మింగలేక జంతువు చిక్కిపోతుంది. నోటి లోపలి దవడ పళ్లు బయటికి కనిపించవు కాబట్టి ఇంట్లోవాళ్లకు ఆలస్యంగా తెలుస్తుంది.

పేగుల సంగతి కూడా ఇలాంటిదే. ఆవుకు, మేకకు నెమరు వేసే పొట్ట ముందు ఉంటుంది. గినీ పిగ్‌కు గడ్డిని పులియబెట్టే సంచి వెనక, చిన్న పేగు దాటాక ఉంటుంది. పేగుల్లో ఉండే పదార్థంలో సగానికి పైగా ఆ సంచిలోనే నిలుస్తుంది. అక్కడి సూక్ష్మజీవులు పీచును అరిగించి జంతువుకు శక్తినిస్తాయి. పీచు తగ్గితే పేగుల కదలిక మందగిస్తుంది. పిండి, చక్కెర పెరిగితే మంచి సూక్ష్మజీవులు చచ్చి చెడ్డవి విజృంభిస్తాయి, కడుపు ఉబ్బుతుంది, పారుడు పడుతుంది. గినీ పిగ్ తన మెత్తని పెంటికల్ని తానే తినడం చూసి కొందరు అసహ్యించుకుని ఆపబోతారు. ఆపకూడదు. ఆ పెంటికల్లో బి విటమిన్లు, మాంసకృత్తులు ఉంటాయి. రెండోసారి తిన్నప్పుడే అవి ఒంటికి పడతాయి.

అందుకే రోజూ తినేదాంట్లో ఐదింట నాలుగు వంతులు గడ్డే కావాలి. దానికి కొలత పెట్టాల్సిన పని లేదు. రాత్రీ పగలూ గూట్లో ఎండుగడ్డి నిండుగా ఉండాలి. గినీ పిగ్ మనిషిలా పూటకింత అని తినదు, కొంచెం కొంచెంగా ఇరవైనాలుగు గంటలూ మేస్తుంది.

ఈ ప్రాంతంలో మొదట తలచుకోవాల్సిన గడ్డి గరిక. బోరింగు దగ్గర తేమలో, కాలువ కట్ట మీద, పెరట్లో ఏడాది పొడవునా ఏదో ఒక మూల పచ్చగా ఉండే గడ్డి ఇది. పోచ సన్నం, పీచు పుష్కలం, గినీ పిగ్ ఇష్టంగా తింటుంది. పచ్చిదీ పెట్టవచ్చు, ఎండబెట్టినదీ పెట్టవచ్చు. మెట్ట నేలల్లో వచ్చే అంజన్ గడ్డి, పాడి రైతులు నీటి వసతి కింద పెంచే గినీ గడ్డి కూడా బాగా పనికొస్తాయి. పశువుల కోసం వేసే నేపియర్ రకాల్లో ఆక్సలేట్లు ఎక్కువ, కాడ మొద్దు. వాటి ఆకులు మాత్రం అప్పుడప్పుడు కలపవచ్చు, రోజువారీ మేతగా వద్దు.

జూన్ నుంచి అక్టోబరు దాకా పచ్చిగడ్డికి కొదువ ఉండదు. మార్చి దాటితే గట్లు ఎర్రగా ఎండిపోతాయి. కాబట్టి వానాకాలం చివర్లో గడ్డి కోసి ఎండబెట్టి దాచుకోవాలి. వెన్ను తీసి గింజ పట్టకముందే కోస్తే పోషకాలు మిగులుతాయి. పలచగా పరిచి, రోజుకు రెండు మూడుసార్లు తిరగేస్తూ, సాయంత్రం మంచు పడకముందే కప్పాలి. ఇక్కడి ఎండకు రెండు మూడు రోజుల్లో ఆరిపోతుంది. పిడికిట్లో నలిపితే గలగలలాడాలి, రంగు ఇంకా పచ్చగా కనిపించాలి, వాసన తియ్యగా ఉండాలి. తడి మిగిలితే వామి లోపల వేడెక్కి బూజు పడుతుంది. ఒక గినీ పిగ్‌కు ఏడాదికి సరిపడా ఎండుగడ్డి నాలుగైదు గోనె సంచుల్లో పడుతుంది. గాలి ఆడే గోనె సంచే దానికి తగిన చోటు, ప్లాస్టిక్ సంచి కాదు.

జొన్న సొప్ప ఈ సీమలో ప్రతి వామిలోనూ కనిపిస్తుంది. పంట కోసి బాగా ఎండిన సొప్పలోని ఆకుల్ని తుంచి గడ్డిలో కలపవచ్చు. లేత జొన్న మాత్రం ప్రమాదం. మొలిచి నెలన్నర దాటని పైరులో, వాన ముఖం చాటేయగా గిడసబారిన పైరులో, కోసిన మొదళ్ల నుంచి మళ్లీ చిగిర్చిన పిలకల్లో సైనైడ్‌ను విడుదల చేసే పదార్థం ఉంటుంది. అలాంటి చేలో పడి గొర్రెలు, పశువులు కాళ్లు కొట్టుకుంటూ చనిపోవడం రాయలసీమ కాపరులకు తెలిసిన విషయమే. కిలో బరువున్న జంతువుకు నాలుగు ఆకులే ఎక్కువవుతాయి. వరిగడ్డిలో పోషకాలు తక్కువ. గూట్లో పరుపుగా వేయడానికి, మరేదీ లేని రోజున నమలడానికి అది పనికొస్తుంది.

బుడ్డల (వేరుశనగ) కట్టె, లూసర్న్, పాడి రైతులు దశరథ గడ్డి అని పిలిచే హెడ్జ్ లూసర్న్, అలసంద తీగ అన్నీ పప్పుజాతి మేతలు. వీటిలో మాంసకృత్తులు, కాల్షియం ఎక్కువ. ఎదిగే పిల్లలకు, చూడి తల్లులకు, పాలిచ్చే తల్లులకు ఇవి మంచి మేత. వయసొచ్చిన మామూలు జంతువుకు రోజూ పెడితే మూత్రాశయంలో రాళ్లు వచ్చే ముప్పు పెరుగుతుంది. చాలా జంతువులకు ఒంటికి కావలసినంత కాల్షియమే పేగుల్లో ఇంకుతుంది. గినీ పిగ్ తిన్నదాంట్లో ఎక్కువ భాగాన్ని రక్తంలోకి తీసుకుని, అక్కర్లేనిది మూత్రంలో వదులుతుంది. దాని మూత్రం కాస్త మబ్బుగా ఉండటం మామూలే. ఆరిన చోట తెల్లని సుద్దలా గరగరలాడితే, కాల్షియం ఎక్కువైందని గ్రహించి మేత మార్చాలి.

బుడ్డల కట్టెతో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. తడిసిన కట్టె మీద, బూజు పట్టిన కాయల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చనిపోయినప్పుడు, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలో ఈ విషాన్ని శాస్త్రవేత్తలు మొదటిసారి గుర్తించారు. కాలేయాన్ని దెబ్బతీసే ఆ విషాన్ని అసలు తట్టుకోలేని జంతువుల్లో గినీ పిగ్ ఒకటి. కోత సమయంలో వాన తగిలిన కట్టెను, ముక్కిపోయిన వాసన వచ్చే ఏ గడ్డినీ దానికి పెట్టకూడదు. దులిపి, ఎండలో వేసి పెడితే చాలనుకోవడం పొరపాటు. బూజు దులిపినా విషం పోదు.

గడ్డి తర్వాత దానికి ప్రాణాధారం విటమిన్ సి. కుక్క, పిల్లి, ఆవు, కుందేలు ఈ విటమిన్‌ను ఒంట్లోనే తయారు చేసుకుంటాయి. మనిషికి, గినీ పిగ్‌కు ఆ శక్తి లేదు. ఈ పోలిక వల్లే వైద్యశాస్త్రం ఆ చిన్న జంతువుకు ఎంతో రుణపడింది. 1907లో నార్వేలో ఆక్సెల్ హోల్స్ట్, థియోడర్ ఫ్రోలిక్ అనే ఇద్దరు పరిశోధకులు గినీ పిగ్‌లకు ధాన్యమే మేతగా పెట్టి చూశారు. నావికుల్ని చంపే స్కర్వీ జబ్బు వాటికీ వచ్చింది. క్యాబేజీ, నిమ్మరసం ఇచ్చాక తగ్గింది. 1932లో హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ జ్యార్జి తాను వేరు చేసిన పదార్థమే విటమిన్ సి అని నిరూపించడానికి కూడా గినీ పిగ్‌లే ఆధారమయ్యాయి. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన ఆహార పరిశోధన కేంద్రం 1958లో హైదరాబాదుకు తరలి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా పేరు పొందింది. తార్నాకలోని ఆ సంస్థ ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికలు మనుషుల కోసం తయారైనవే అయినా, గినీ పిగ్ పెంచేవాళ్లకూ అక్కరకొస్తాయి.

ఎదిగిన గినీ పిగ్‌కు కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాముల విటమిన్ సి కావాలి. చూడిదానికి, జబ్బుపడ్డదానికి ఆ పైమొత్తమైనా తప్పనిసరి. ఒంట్లో నిల్వ ఉండదు కాబట్టి రోజూ అందాలి. పచ్చిగడ్డిలో కొంత ఉంటుంది, ఎండితే చాలావరకు పోతుంది. రెండు మూడు వారాలు అందకపోతే స్కర్వీ మొదలవుతుంది: వెంట్రుకలు గరుకెక్కుతాయి, కీళ్లు వాస్తాయి, చిగుళ్లు రక్తం కారుస్తాయి, ఎత్తుకుంటే నొప్పితో కీచుమంటుంది. కాలు ఈడ్చి నడుస్తుంటే దెబ్బ తగిలిందనుకోవడం కంటే ముందుగా గడిచిన నెలలో ఏం తిన్నదో గుర్తు చేసుకోవడం మేలు.

ఎమ్మిగనూరు, ఆదోని కూరగాయల మార్కెట్లలో దొరికేవాటిలో ఈ అవసరం తీర్చడానికి ఉత్తమమైనది బెంగళూరు మిర్చి, అంటే క్యాప్సికం. వంద గ్రాముల్లో సుమారు 120 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది, చక్కెర తక్కువ, కాల్షియం తక్కువ. అందుకే దాన్ని రోజూ పెట్టవచ్చు. గింజలూ తొడిమా తీసేసి, రెండు వేళ్ల వెడల్పు ముక్క, అంటే 15-20 గ్రాములు ఇస్తే రోజు గడిచిపోతుంది. కారం పచ్చిమిరపకాయ దానికి బదులు కాదు. జామకాయలో వంద గ్రాములకు 200 మిల్లీగ్రాములకు పైగానే ఉంటుంది. చక్కెర కూడా ఉంది కాబట్టి గింజలు తీసిన చిన్న ముక్కను వారానికి రెండు మూడుసార్లకు మించనివ్వకూడదు. మునగాకులో విటమిన్ వంద మిల్లీగ్రాములు దాటుతుంది, కాల్షియం మాత్రం విపరీతం. వారానికి ఒకసారి నాలుగైదు రెబ్బలు చాలు. ఉసిరికాయ విటమిన్‌కు పెట్టింది పేరు, కానీ దాని పులుపుకు చాలా గినీ పిగ్‌లు మూతి పక్కకు తిప్పుకుంటాయి.

ఏది పెట్టినా పచ్చిగానే పెట్టాలి. ఉడికిస్తే విటమిన్ నశిస్తుంది. పొద్దున కోసి సాయంత్రం దాకా ఉంచిన ముక్కల్లోనూ తగ్గిపోతుంది. విటమిన్ చుక్కల్ని తాగే నీళ్లలో కలిపే అలవాటు కొందరికి ఉంది. వెలుతురు, లోహం, వేడి తగిలి కొన్ని గంటల్లోనే అది పాడవుతుంది. రుచి మారితే జంతువు నీళ్లే మానేస్తుంది. అదనంగా ఇవ్వాలంటే మనుషుల మాత్రలో తగిన భాగం పొడిచేసి ఆకు మీద చల్లి పెట్టడం, లేదా సూది లేని సిరంజితో నోట్లో వేయడం నయం. చక్కెర, రంగులు, ఇతర విటమిన్లు కలిపిన మాత్రలు వద్దు.

ఆకుకూరల విషయంలో రాయలసీమ వంటింటి రుచులకు, గినీ పిగ్ పేగులకు పొత్తు కుదరదు. గోంగూర, చుక్కకూర పుల్లనివి. పాలకూర, బీట్‌రూట్ ఆకు, తోటకూరల్లోనూ ఆక్సలేట్లు ఎక్కువే. ఇవి కాల్షియంతో కలిసి రాళ్లు కడతాయి. మొదటి రెండూ వద్దు. మిగతావి ఎప్పుడో ఒకసారి రెండు ఆకులు. రోజూ పెట్టదగినవి కొత్తిమీర, కాస్త పుదీనా, మెంతికూర, క్యాలీఫ్లవర్ చుట్టూ ఉండే ఆకులు, ముల్లంగి ఆకులు, కీరదోస, సొర, బీర వంటి నీటి కూరలు. ఒకే కూరను రోజూ పెట్టక, రెండు మూడింటిని మార్చి మార్చి ఇస్తే ఏదీ మోతాదు దాటదు. క్యాబేజీ కొంచెమే పెట్టాలి, ఎక్కువైతే కడుపు ఉబ్బుతుంది. క్యారెట్ తియ్యగా ఉంటుంది కాబట్టి అది పండుతో సమానం, దాని పైనుండే ఆకు అంతకంటే మేలు. పండిన టమాటా ముక్క ఇవ్వవచ్చు. ఆదోని, పత్తికొండ వైపు పొలాల్లో పారబోసిన టమాటా కుప్పల నుంచి ఆకు, కాడ, పచ్చికాయలు తెచ్చి వేయకూడదు, వాటిలో విషపదార్థాలున్నాయి. బంగాళాదుంపకూ, వంకాయ ఆకుకూ అదే వర్తిస్తుంది.

ఉల్లి గురించి విడిగా చెప్పుకోవాలి. కర్నూలు జిల్లా ఉల్లికి పేరు. ధర పడిపోయిన ఏడు ఉల్లిపాయలు, ఉల్లికాడలు ఊరికే దొరుకుతాయి, మేకలకు వేస్తుంటారు. గినీ పిగ్‌కు ఉల్లి, వెల్లుల్లి రెండూ ఎర్ర రక్తకణాల్ని పగలగొట్టే పదార్థాలు. పొట్టు కూడా పెట్టకూడదు.

గట్ల మీద గడ్డి కోసేటప్పుడు కలిసి వచ్చే కలుపులో వయ్యారిభామ, ఉమ్మెత్త, జిల్లేడు ఉంటాయి. ఇళ్ల ముందు పెంచే గన్నేరు ఆకు ఒకటి రెండైనా ప్రాణం తీస్తుంది. కోసిన కట్టను నేల మీద విప్పి, ఏరి, కడిగి, తర్వాతే గూట్లో వేయాలి. వీటికన్నా పెద్ద ముప్పు పురుగుమందు. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టూ పత్తి, మిరప చేలే ఎక్కువ. సీజన్‌లో వాటికి పదే పదే మందు కొడతారు, గట్ల మీద కలుపు చంపే మందులూ చల్లుతారు. పత్తి చేను పక్కనున్న గడ్డి ఎంత పచ్చగా నిగనిగలాడినా వదిలేయడమే మంచిది. పెరట్లో ఒక మడిలో గరిక, కొన్ని కుండీల్లో కొత్తిమీర, మెంతి పెంచుకోగలిగిన ఇంటికి ఈ భయం ఉండదు.

గుళికల దాణా తప్పనిసరి కాదు, కానీ గడ్డి నాణ్యత తగ్గే వేసవిలో కొంత లోటు తీరుస్తుంది. గినీ పిగ్ కోసమే చేసిన, విటమిన్ సి కలిపిన రకం రోజుకు 20-25 గ్రాములు సరిపోతుంది. మిల్లు నుంచి వచ్చి మూడు నెలలు దాటిన దాణాలో విటమిన్ తగ్గిపోతుంది కాబట్టి సంచి మీద తయారైన తేదీ చూడాలి. కుందేళ్ల దాణా చూడటానికి ఒకేలా ఉన్నా అందులో విటమిన్ సి ఉండదు. కోళ్ల దాణాలో గింజ పిండి, కోళ్ల జబ్బులకు కలిపే మందులు ఉంటాయి, గినీ పిగ్‌కు అవి హానికరం. ఆదోని నూనె మిల్లుల నుంచి పాడి ఇళ్లకు చేరే పత్తి చెక్కలో గాసిపోల్ అనే విషపదార్థం ఉంటుంది. ఎదిగిన పశువు నెమరు పొట్టలో అది చాలావరకు అణిగిపోతుంది. గినీ పిగ్‌కు ఆ పొట్టే లేదు. గేదె కుడితి, తవుడు, జొన్నలు, సద్దలు, శనగలు, పాలు, పెరుగు, ఏవీ దాని మేత కాదు.

నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. కిలో జంతువుకు రోజుకు సుమారు 100 మిల్లీలీటర్లు మామూలు వాడకం, ఎండాకాలంలో అంతకంటే ఎక్కువ. గిన్నెలో పోస్తే తన్ని పడేస్తుంది, పెంటికలు వేస్తుంది. గొట్టంలో గుండు ఉండే సీసా మంచిది, రోజూ కడగాలి. చల్లని కొండల జంతువైన దానికి 30 డిగ్రీలు దాటితేనే వడదెబ్బ భయం మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు జిల్లా 40 దాటుతుంది. ఆ రోజుల్లో తెల్లవారుజామున, పొద్దు వాలాక మేత వేయాలి. చల్లని నీటిలో ముంచి దులిపిన ఆకులు, కీరదోస ముక్కలు పెడితే మేతతోపాటు నీరూ అందుతుంది. మిగిలిన ఆకులు వేడికి గంటల్లో పులిసిపోతాయి, మధ్యాహ్నానికే తీసేయాలి.

పిల్లలు వెంట్రుకలతో, తెరిచిన కళ్లతో పుడతాయి, ఒకటి రెండు రోజుల్లోనే గడ్డి కొరకడం మొదలుపెడతాయి. తొలి వారాల్లో రుచి చూసినదే వాటికి జీవితాంతం మేత. అప్పుడు ఎరగని కూరను పెద్దయ్యాక చూసి ముట్టకపోవచ్చు. కాబట్టి చిన్నప్పుడే రకరకాల గడ్డి, ఆకు చూపించాలి. ఆరు నెలలు వచ్చేదాకా లూసర్న్ లాంటి మేత కలుపుతూ, ఆ తర్వాత మెల్లగా మామూలు గడ్డికి మార్చాలి. ఏ వయసులోనైనా కొత్త మేతను పాతదానిలో కొద్దికొద్దిగా కలుపుతూ వారం పది రోజుల్లో అలవాటు చేయాలి. ఎండుగడ్డి మీద ఉన్నదానికి తొలకరి లేత పచ్చిగడ్డి ఒక్కసారిగా బుట్టెడు వేస్తే కడుపు ఉబ్బి మర్నాటికి ప్రాణం మీదికి వస్తుంది.

మేత కుదిరిందో లేదో తెలుసుకోవడానికి వంటింటి తూకం చాలు. వారానికి ఒకే రోజు, ఒకే వేళకు తూచి రాసి పెట్టుకుంటే, యాభై గ్రాములు తగ్గగానే నోరు, పళ్లు, మేత చూడాలని తెలుస్తుంది. పెంటికలు గట్టిగా, ఒకే సైజులో, ఎక్కువగా పడుతుంటే పేగులు బాగున్నట్టు. చిన్నవైపోయినా, తగ్గిపోయినా పీచు చాలడం లేదు. పగలంతా ఏమీ తినకుండా మూల కూర్చుంటే మర్నాటికి వాయిదా వేయకూడదు. పేగులు ఒకసారి ఆగితే తిరిగి కదిలించడం కష్టం, కాలేయంలో కొవ్వు పేరుకోవడం కూడా మొదలవుతుంది. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు అది గినీ పిగ్ అని, ఏం తింటోందో, ఎప్పటి నుంచి మానేసిందో స్పష్టంగా చెప్పాలి. గొర్రెలకు, ఆవులకు మామూలుగా వాడే పెన్సిలిన్, అమాక్సిసిలిన్ వంటి మందులు దాని పేగుల్లోని మంచి సూక్ష్మజీవుల్ని తుడిచిపెట్టి ప్రాణానికే ముప్పు తెస్తాయి. డాక్టరు మరో మందు ఎంచుకోగలరు. కోలుకునేదాకా నానబెట్టి మెత్తగా చేసిన దాణా గుళికల్నో, మెత్తగా దంచిన గడ్డి పొడినో నీళ్లలో కలిపి, రెండు మూడు గంటలకోసారి సిరంజితో నోటి పక్క నుంచి కొంచెం కొంచెంగా, అది నమిలి మింగేదాకా ఆగుతూ పెట్టాలి.